మా ఏడో క్లాసోడు ప్రభల్ని చూసి "వీటిల్లో ఫస్ట్ ఏది నాన్నా" అన్నాడు

అంబాజీపేట_కురిడీ | జనవరి 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. పండగ అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, ఇల్లు బోసిగా ఉంది, నిద్ర పట్టక రాస్తున్నా. కనుమ నాడు మా వాణ్ణి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళా. ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, ఊరి శివుణ్ణి నిలబెట్టి మోసుకొచ్చేదండి. రెండేళ్ళుగా పండగ సెలవుల్లో కూడా వాడికి ఏదో ఒక క్లాసు ఉంటోంది, ఈసారి ఇంట్లో గొడవపడి మరీ తీసుకెళ్ళా. గంగలకుర్రు అగ్రహారం వాళ్ళ ప్రభ కౌశిక నది దాటుతుంటే గట్టు మీద నిలబెట్టి చూపించా. నీళ్ళల్లో దిగి అంత ప్రభనీ భుజాల మీద మోసుకుంటూ అశ్శరభ అశ్శరభ అని వస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, వాడూ నోరెళ్ళబెట్టే చూశాడు. తర్వాత పదకొండు ఊళ్ళ ప్రభలూ తోటలో నిలబడ్డాక నా చొక్కా లాగి అడిగాడండి, "నాన్నా, వీటిల్లో ఫస్ట్ ఏది?"

ఫస్టు సెకండు ఉండవురా, ఏకాదశ రుద్రులు, పదకొండు మందీ శివుళ్ళే, అందరూ ఒకటే అన్నా. "మరి ర్యాంకు ఇవ్వకపోతే ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చారు" అన్నాడు. ఎటకారం కాదండి, నిజంగానే అడిగాడు.

వాడు చదివేది అమలాపురంలో, ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్. ప్రతి సోమవారం ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, డియర్ పేరెంట్, మీ వార్డు క్యాంపస్ ర్యాంకు 41, గత వారం 33, దయచేసి ఫాలో అప్ చేయండి అని. ఆ మెసేజ్ వచ్చిన సాయంత్రం నేను వాడితో సరిగ్గా మాట్లాడనంట. మా ఆవిడ చెప్తేగానీ నాకు తెలీలేదు.

ఇప్పుడు ఇంకోటి. కార్పొరేట్ కాలేజీకి పిల్లల్ని చేర్పించే పీఆర్వో ఒకాయన మొన్న ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని బొండం తాగి, ఎనిమిది నుంచి విజయవాడలో హాస్టల్, స్కూలూ ఐఐటీ కోచింగూ కలిపి ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రాం, నెలాఖరులోపు సీటు రిజర్వ్ చేస్కుంటే కన్సెషన్ అని చెప్పి వెళ్ళాడు. మా ఆవిడ వేసేద్దాం అంటోంది. నాకు మనసొప్పట్లేదు. వేసినోళ్ళూ వెయ్యనోళ్ళూ ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఎటకారం_ఎంకన్న | రాత్రి 9:52

ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ, మూడూ మూడూ మూడూ... టీవీలో కార్పొరేట్ కాలేజీల ఈ ర్యాంకుల యాడ్ విని పెరిగిన కుర్రోడు ప్రభలకి ర్యాంకు అడగక ఏం అడుగుతాడండి. వచ్చే ఏడు ప్రభల పక్కన ఫ్లెక్సీ కూడా పెట్టేస్తారు చూడండి, ఆలిండియా రుద్రుల్లో టాప్ టెన్‌లో నాలుగు మావే అని.

చెరువుగట్టు | రాత్రి 10:20

ఎంకన్నా 🙏

అంబాజీపేట గారూ, మాది ఆకివీడు సైడు, వనామీ రొయ్యల చెరువులు. మా పెద్దోణ్ణి పదో క్లాసు అవ్వగానే హాస్టల్లో వేశా, రెండేళ్ళు ఉన్నాడు. ఒక్క విషయం చెప్తా, తర్వాత మీ ఇష్టం.

మేం చెరువులో సీడ్ వదిలేటప్పుడు పిల్ల వదిలాం అంటాం కదా. చదరపు మీటరుకి 60 పిల్లకి మించి వెయ్యకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రూలు. ఎందుకంటే ఎక్కువ వేస్తే తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోద్ది, రొయ్య పైకి తేలిపోద్ది, ఏరియేటర్లు ఎన్ని తిప్పినా ఆగదు. అందుకే మేం తెల్లారుజామున మూడింటికి లేచి టార్చి లైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతాం, చెక్ ట్రే లేపి మేత తిందా లేదా, పేగు నిండిందా లేదా అని ఒక్కో రొయ్యనీ వెలుతురుకి పట్టి చూస్తాం. అది నేను ప్రతి రాత్రీ చేసే పనే.

మావోడి హాస్టల్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు వాడి రూములోకి పోనిచ్చారు. ఒక గదిలో పన్నెండు మంచాలు, పైనొకటి కిందొకటి. కిటికీ ఉంది గానీ దానికి అడ్డంగా ట్రంకు పెట్టెలు పేర్చేశారు. బయటికొచ్చి కారులో కూర్చున్నాక లెక్కేశానండి, అలవాటు కదా. మా ఆవిడ ఏంటి వేళ్ళు లెక్కపెడుతున్నారు అంది. ఏం లేదన్నా.

రెండేళ్ళలో వాడు తిన్నాడా లేదా అని వెలుతురుకి పట్టి చూసినోడు లేడు. పట్టుబడి రోజు, అదే రిజల్ట్స్ రోజు మాత్రం అందరూ వచ్చారు, కౌంటు ఎంత కౌంటు ఎంత అని. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయని. ముప్పై కౌంటు అయితే మంచి రేటు, వంద కౌంటు అయితే బాగా తక్కువ. మావోడు వంద కౌంటు.

ఇప్పుడు భీమవరంలో డిగ్రీ చదువుతున్నాడు, బాగానే ఉన్నాడు, నాతో మాత్రం ఎక్కువ మాట్లాడడు.

రాజోలు_లంక_అమ్మ | రాత్రి 10:58

అందరూ చెరువులూ ప్రభలూ బాగానే చెప్తున్నారు. నేను ఇంకో సైడు చెప్తా, కోపం తెచ్చుకోకండి.

నేను కువైట్‌లో పదకొండేళ్ళు పని చేశానండి, ఇళ్ళల్లో. మా ఆయన లేడు. మా అమ్మకి చూపు ఆనదు. నా కూతురు తొమ్మిదిలో ఉన్నప్పుడు ఎక్కడ పెట్టాలి? మాది గోదారి మధ్య లంక, స్కూలుకి పడవ దాటి వెళ్ళాలి, సాయంత్రం రేవు దగ్గర తాగుబోతులు. తర్వాత ఇంటర్‌కి చూస్తే దగ్గర్లో ఉన్న గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఆ ఏడాది ఫిజిక్స్ చెప్పే మనిషే లేడు. హాస్టల్‌కి గేటు ఉంది, గేటుకి వాచ్‌మన్ ఉన్నాడు, నా పిల్ల లోపల ఉందని నాకు అక్కడ రాత్రిపూట నిద్ర పట్టేది. హాస్టల్‌ని జైలు అనేవాళ్ళుంటారు, నాకు అదే పుట్టిల్లు అనుకోండి.

నా కూతురు ఇప్పుడు కాకినాడలో నర్సింగ్ ఫైనలియర్. మా ఇంట్లో పదో క్లాసు దాటిన మొదటి మనిషి. దాని ర్యాంకు మెసేజ్ కువైట్‌లో నాకు వచ్చేది, పని చేసే ఇంటావిడకి చూపించేదాన్ని, ఆవిడకి ఏం అర్థమయ్యేదో గానీ మష్అల్లా అనేది. పిల్లల బాల్యం గురించి బాధపడాలన్నా కాస్త ఉన్నోళ్ళకే కుదురుద్దండి.

అంబాజీపేట_కురిడీ | రాత్రి 11:07

అక్కా, తప్పుగా అనుకోకండి. మీరు చెప్పింది నాకు తట్టనే లేదు.

ఒకప్పటి_పీఆర్వో | జనవరి 19, ఉదయం 6:35

పొద్దున్నే చూశా. నేను నాలుగేళ్ళు ఆ పని చేశా, ఏ సంస్థో అడగొద్దు. అరుగు మీద కూర్చుని బొండం తాగిన బ్యాచ్‌లో నేనూ ఉన్నా.

మాకు డిసెంబర్లోనే ఏరియాలు పంచేవాళ్ళు, నాది పి.గన్నవరం, అంబాజీపేట, అయినవిల్లి. ఆ ఏరియా స్కూళ్ళలో పదో క్లాసు పిల్లల పేర్లూ తండ్రుల ఫోన్ నెంబర్లూ లిస్టు చేతికొచ్చేది, ఎలా వచ్చేదో ఇక్కడ రాయను. లిస్టులో ఒక కాలమ్ ఉంటది, తండ్రి ఏం చేస్తాడు అని. చెరువులు అని ఉంటే ఒక ఫీజు చెప్తాం, కొబ్బరి దింపు అని ఉంటే ఇంకో ఫీజు. కన్సెషన్ అంటే అంతే, పెంచి చెప్పి తగ్గించడం. స్కాలర్‌షిప్ టెస్ట్ అని పెడతాం కదా, నాలుగేళ్ళలో అందులో కన్సెషన్ రాని పిల్లోణ్ణి నేను చూడలేదు.

నెలాఖరులోపు అనేది అబద్ధం అండి. ఆ నెలాఖరు సీటుకి కాదు, నా టార్గెట్‌కి. టార్గెట్ అవ్వకపోతే జీతంలో సగం ఆపేవాళ్ళు. వేసవిలో మా బ్రాంచి లెక్చరర్లు కూడా బైకులేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు, కెమిస్ట్రీలో పీజీ చేసిన మనిషి గుమ్మం ముందు నిలబడి అమ్మా మీ అబ్బాయి పదో క్లాసా అని అడగడం. నేను మానేసింది దానికే. నాకు కెమిస్ట్రీ చెప్పిన సారే నాతోపాటు తిరిగాడు ఒక మే నెలంతా, మధ్యాహ్నం ఎండకి అయినవిల్లి గుడి దగ్గర కూర్చుని "ఇవాళ ఎన్ని కన్వర్షన్లు అయినయ్ నీకు" అని అడిగాడు నన్ను.

కురిడీ గారూ, ఒక్కటి చెప్తా. రిజర్వేషన్ డబ్బు కట్టేముందు రసీదు మీద రిఫండ్ గురించి ఏం రాసుందో చదవండి. నోటి మాట నమ్మొద్దు, నేనే చెప్పా చాలా నోటి మాటలు.

మాజీ_లెక్కల_మాస్టారు | ఉదయం 8:15

నాయనలారా, రిటైరై తొమ్మిదేళ్ళయింది, ఎయిడెడ్ హైస్కూల్లో పనిచేశాను, కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ముందు లెక్క. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ 2024లో రాసినవాళ్ళు 14 లక్షల పైమాట. అందులోంచి ఐఐటీ సీటు తేల్చే అడ్వాన్స్‌డ్ పరీక్షకి అర్హత ఇచ్చేది రెండున్నర లక్షల మందికి. ఆ ఏడాది 23 ఐఐటీల్లోనూ కలిపి సీట్లు 17,740. ఈ భాగహారం ఆరో తరగతి పిల్లాడు కూడా చేస్తాడు, ఫౌండేషన్ అక్కర్లేదు. వందలో ఒకడికో ఇద్దరికో దొరికేదాని కోసం వందమందికీ పదకొండో ఏట నుంచే అదే సిలబస్ పెడుతున్నాం. మిగిలిన తొంభై ఎనిమిది మందికి ఏం నేర్పామన్నది ఆ ఫ్లెక్సీ మీద ఉండదు.

బోర్డు మార్కులకి విలువ తెద్దామని 2013 నుంచి 2016 దాకా మెయిన్ ర్యాంకులో 40 శాతం వెయిటేజీ ఇచ్చారు, 2017లో తీసేశారు. ఉన్నన్నాళ్ళు ఏం జరిగిందో నేను చూశాను, కోచింగ్ తగ్గలేదు సరికదా బోర్డు పరీక్షకి కూడా కోచింగ్ మొదలైంది.

ఇక రూలు. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్ళ లోపు పిల్లల్ని చేర్చుకోకూడదు, ర్యాంకు గ్యారంటీ అని చెప్పకూడదు, రోజుకి ఐదు గంటలకి మించి క్లాసులు ఉండకూడదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం మీద నడిచిన కేసు అది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, వందమంది, అంతకు మించి ఉన్న చోట కౌన్సెలర్ ఉండాలి అన్నారు.

పాత రోజులు బంగారం అని మాత్రం నేను అనను. మా స్కూల్లో మేం కొట్టాం, నేనూ కొట్టాను, లెక్క తప్పితే చింతబరికె. కానీ నా తరగతిలో లెక్క రానివాడు వేరే గదిలో ఉండేవాడు కాదు, వచ్చినవాడి పక్కనే కూర్చుని వాడి పలక చూసి రాసేవాడు. సగం మంది అలా నేర్చుకున్నవాళ్ళే. కాకినాడ పీఆర్ కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలం గురించి మా గురువుగారు చెప్తుంటే వినేవాళ్ళం. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయన శిష్యుడే. ఆ ఏడాది కాలేజీకి ఎన్ని ఫస్టు క్లాసులొచ్చాయో మాత్రం ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు.

తణుకు_తమ్ముడు | ఉదయం 8:40

మాస్టారూ ఆ పదహారేళ్ళ రూలు కోచింగ్ సెంటర్లకి కదా, వీళ్ళది "స్కూలు" అని బోర్డు ఉంటది, లోపల ఇంటిగ్రేటెడ్. అదే కిటుకు. పైగా మార్గదర్శకాలు రాష్ట్రాలకి పంపినవి, ఎవరు అమలు చెయ్యాలి ఎవరు అడగాలి.

మాజీ_లెక్కల_మాస్టారు | ఉదయం 8:44

నిజమే నాయనా. అందుకే కురిడీ గారు ఆ పీఆర్వోని అడగవలసిన మొదటి ప్రశ్న, మీరు స్కూలా కోచింగ్ సెంటరా అని.

జెండా_జిందాబాద్ | ఉదయం 9:02

[పార్టీల గొడవ, తీసేశాం. చదువు గురించి మాట్లాడండి. — నిర్వాహకులు]

చాక్‌పీస్_టీచరమ్మ | మధ్యాహ్నం 1:30

లంచ్ బ్రేక్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. నేను అలాంటి స్కూల్లోనే చెప్తున్నా ఇప్పటికీ. పేరు చెప్పలేను, లోన్ ఉంది.

మాకు పాఠం హెడ్డాఫీసు నుంచి వస్తది. మైక్రో షెడ్యూల్ అంటారు. ఇవాళ ఆరో క్లాసు సైన్సు మూడో పీరియడ్‌లో ఏ పేజీయో అన్ని బ్రాంచిల్లోనూ అదే పేజీ. పిల్లోడు ప్రశ్న అడిగితే బాగుంటది గానీ నా పేజీ వెనకబడిపోద్ది, సాయంత్రం యాప్‌లో కంప్లీటెడ్ అని కొట్టాలి, కొట్టకపోతే ఫోన్ వస్తది. ఫోన్ చేసేది హెడ్మాస్టరు కాదు, ఏజీఎం గారు, అంటే అసిస్టెంట్ జనరల్ మేనేజరు. స్కూలుకి ఏజీఎం ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు.

2022 జూలై వరద గుర్తుందా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా క్లాసులో లంకల నుంచి వచ్చే పిల్లలు తొమ్మిది మంది, పన్నెండు రోజులు రాలేదు. ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చేసి గట్ల మీద టార్పాలిన్లు వేసుకుని ఉన్నారు. షెడ్యూల్ ఆగలేదు, హైదరాబాద్‌లో వరద లేదు కదా. వాళ్ళు తిరిగొచ్చిన శనివారం వీకెండ్ టెస్ట్. ఒకమ్మాయి పుస్తకాలన్నీ తడిసి పేజీలు అంటుకుపోతే ఎండబెట్టి ఇస్త్రీ పెట్టి తెచ్చింది, ఆ పుస్తకం అప్పడంలా ఉంది. దానికి ఆ టెస్టులో 100కి 11. లిస్టు తలుపుకి అంటించాం. అంటించింది నేనే.

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి "టీచర్, నాది గ్రాఫ్ పడిపోయిందా" అంది. గోదావరి ఎంత తగ్గింది, ఇల్లు ఎలా ఉంది అని నేను అడగాలి. నేనూ అడగలేదు, "నెక్స్ట్ వీక్ రికవర్ చేద్దాంలే" అన్నా. ఈ ముక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బెల్ కొట్టారు.

రావులపాలెం_బైపాస్ | మధ్యాహ్నం 3:05

నాకు పంతొమ్మిదేళ్ళు, పోయినేడు బైపీసీ హాస్టల్ నుంచి బయటికొచ్చా, ఎంబీబీఎస్ రాలేదు, అగ్రికల్చర్ బీఎస్సీ. పెద్దోళ్ళే మాట్లాడుతున్నారని రాస్తున్నా.

చెప్పాలంటే అన్నీ చెడ్డవి కావు. నా బెస్ట్ ఫ్రెండ్స్ అక్కడోళ్ళే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక బాత్రూమ్ లైను దగ్గర పాటలు పాడుకునేవాళ్ళం. కానీ సెక్షన్లు మారేవి, అది మాత్రం దారుణం. నెలకోసారి మార్కుల్ని బట్టి పైకో కిందకో. సెక్షన్ మారితే ఫ్లోర్ మారుద్ది, మెస్ టైమ్ మారుద్ది, అంటే ఫ్రెండ్ మారిపోయినట్టే. మండపేట కుర్రోడు ఒకడు నాకు బాగా దోస్తు, వాడికి ఒక టెస్టులో నాకంటే 14 మార్కులు ఎక్కువొచ్చి పైకెళ్ళిపోయాడు. వాడి కోసం నేను చదివా, నా కోసం వాడు కావాలని తప్పులు పెట్టాడు, ఇద్దరం అనుకోకుండా ఒకేసారి. నేను పైకెళ్ళేసరికి వాడు కిందకొచ్చేశాడు 😂

ఇంటికి ఫోన్ ఆదివారం, వార్డెన్ ఫోన్‌లోనే, వెనక లైను. అమ్మ ఏం తిన్నావురా అనేది, నేను టెస్టులో ఎంతో చెప్పేసేవాణ్ణి, టైమ్ అయిపోయేది. తిన్నది చెప్పడానికి ఎప్పుడూ టైమ్ మిగల్లేదు.

పెట్టె మీద పేరు వద్దు, అడ్మిషన్ నెంబరు పెయింట్ వేయించండి అన్నారు చేరినప్పుడు. మా అమ్మ నెంబరు వేయించి, మూత లోపలి వైపు స్కెచ్‌తో చిన్నగా నా ముద్దుపేరు రాసింది. అది రెండేళ్ళూ ఎవరికీ చూపించలేదు నేను.

అంకుల్, మీ వాడు ఏడో క్లాసే కదా. ఇంటర్లో అయితే ఎలాగోలా తట్టుకుంటాం. ఎనిమిదిలో వద్దు.

గచ్చిబౌలి_గోదారోడు | మధ్యాహ్నం 3:40

నాది నర్సాపురం, ఈ కార్పొరేట్ కాలేజీల ఫ్యాక్టరీ ప్రోడక్టునే, సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్‌ని. మా ఆఫీసులో అప్రైజల్‌కి బెల్ కర్వ్ అని ఉంటది, టీములో అందరూ బాగా చేసినా ఎవడో ఒకణ్ణి కింద పెట్టాలి. కొత్తగా వచ్చినోళ్ళు ఏడుస్తారు, మన జిల్లాల పిల్లలు ఏడవరు, హాస్టల్లోనే అలవాటైపోయి వస్తారు. మొన్న మా పాపకి ఐదేళ్ళు, బొమ్మ వేసి తెచ్చి చూపిస్తే నేను "గుడ్, ఇంకా బెటర్ చెయ్యొచ్చు" అన్నా. మా ఆవిడ నన్ను ఒక చూపు చూసింది.

రాజోలు_లంక_అమ్మ | సాయంత్రం 5:20

టీచరమ్మ రాసింది చదివానండి. ఆ తొమ్మిది మంది ఏ లంక వాళ్ళో గానీ మాదీ అదే వరద. నా కూతురు అప్పుడు హాస్టల్లో ఉంది కాబట్టి పుస్తకాలు తడవలేదు. నిన్న నేను రాసింది తప్పని ఇప్పటికీ అననండి. కాకపోతే రాత్రి కూతురికి ఫోన్ చేసి, హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు ఏడ్చేదానివా అని అడిగా. ఇప్పుడెందుకమ్మా అంది. అడిగింది ఇదే మొదటిసారి అని నాకు అప్పుడు తట్టింది.

బాబూ, మీ వాడికి అమ్మా నాన్నా ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు కదా. నాకు ఆ వీలు ఉండుంటే నేను పంపేదాన్ని కాదు.

అంబాజీపేట_కురిడీ | రాత్రి 9:15

అందరికీ పేరుపేరునా దండాలండి. ఫోన్ మా ఆవిడకిచ్చి మొత్తం చదివించా. చెరువుగట్టు గారి పోస్టు దగ్గర ఏమీ అనలేదు, బైపాస్ బాబు పెట్టె గురించి రాసిన దగ్గర లేచి లోపలికెళ్ళింది. ఎనిమిదికి పంపట్లేదు. పది అయ్యాక చూద్దాం అంది, అప్పుడు మళ్ళీ ఇదే గొడవ ఉంటది, ఉండనివ్వండి.

పీఆర్వోకి ఫోన్ చేసి, మాస్టారు చెప్పినట్టే స్కూలా కోచింగా అని అడిగా. "సార్, మాది అకాడమీ" అన్నాడు. ఎంకన్న గారికి ఇది అంకితం.

సోమవారం మెసేజ్ ఇవాళ వచ్చింది, ర్యాంకు 47. పండగకి తిరిగాం కదా. వాడు నా మొహం చూస్తున్నాడు, మెసేజ్ వచ్చిందని వాడికీ తెలుసు. నాకు ఏం మాట్లాడాలో తెలీక, రేపు తోటలో దింపు ఉంది, పొద్దున్నే వస్తావా కాయలు ఏరడానికి అన్నా. "ఎన్ని కాయలు టార్గెట్" అన్నాడండి. నవ్వాలో ఏడవాలో తెలీలేదు, రాలినన్ని అన్నా.

ఐదింటికి లేవాలి, ఉంటా.

ఎటకారం_ఎంకన్న | రాత్రి 9:21

అకాడమీ 😂😂 కురిడీ గారూ, దింపు కాయ అక్కడే అమ్మేస్తారా, మార్కెట్‌కి వేస్తారా? మా బావగారికి ఓ రెండొందలు కావాలి, పెళ్ళుంది.